లాబీయింగ్ అంటే పైరవీయేనా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా పాప అనంతపురంలో బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. లాబీయిస్టు అవుతానంటోంది. అంటే పైరవీలు చేయడమే కదా? టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ భయం న్యాయమైనదే. ‘ఫలానా ఆయనతో చెప్పిస్తే పనైపోతుంది’ అనే మాట మనం రోజూ వింటాం. పాప చెప్పేది ఆ పని కాదు. ఒక చట్టం ఎవరి మీద ఎలా పడుతుందో, దాన్ని చేసేవాళ్లకు లెక్కలతో చెప్పే పని. అమెరికాలో దీనికి 1995 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి. ఎవరి తరఫున, ఏ విషయం మీద మాట్లాడారో ఇప్పుడు మూడు నెలలకోసారి రాసివ్వాలి. అది ఎవరైనా చూడొచ్చు.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఉద్యోగ ప్రకటనల్లో పబ్లిక్ పాలసీ, గవర్నమెంట్ అఫైర్స్ అన్న పేర్లతో వెతకాలి. కవరు చేతులు మారితే మాత్రం అది లంచమే. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాళ్లదీ నేరమే. ఈ సంగతి పాపకు ఇప్పుడే చెప్పండి.

నా బాధ వేరే. పెద్ద కంపెనీల తరఫున మాట్లాడటానికి ఢిల్లీలో ఫిక్కీ లాంటి సంఘాలున్నాయి. మన శనక్కాయ రైతు మాత్రం సోమవారం కలెక్టరేట్ దగ్గర, ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టిన అర్జీతో లైన్లో నిలబడతాడు. వాతావరణ బీమాలో వాన లెక్క అతని చేలో తీయరు, దానికని పెట్టిన కేంద్రంలో తీస్తారు. చేను ఎండినా అక్కడ వాన పడితే పరిహారం రాకపోవచ్చు. అర్జీలో ఆ బాధంతా ఉంటుంది, ఏ నిబంధన ఎలా మార్చాలో ఉండదు. ఆ ముక్క రాయగలిగే మనిషి మన జిల్లాకు ఎంతో అవసరం. పాప ఆ మనిషి కావాలని నా కోరిక.

డిగ్రీ అయ్యాక, పార్లమెంటు బిల్లులను విశ్లేషించే పీఆర్‌ఎస్ సంస్థవాళ్ల ల్యాంప్ ఫెలోషిప్‌కు అప్లై చేయమనండి. ఏ సబ్జెక్టు డిగ్రీ అయినా చాలు, ఒక ఎంపీ దగ్గర పని నేర్చుకోవచ్చు. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో పబ్లిక్ పాలసీలో పీజీ ఉంది. మొదట్లో జీతం తక్కువే ఉండొచ్చు, ఇంగ్లీషులో బిల్లులు చదవడం తప్పదు.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. ముసాయిదా బిల్లులను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో కేంద్రం విధానం చేసింది. అన్నిసార్లూ పాటించరు, అయినా పెట్టినవి ఉంటాయి. కార్మికులకు సంబంధించిన ముసాయిదా ఒకటి తీసుకుని, మీ ఊళ్లోని బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఓనరునూ కూలీనీ ఇద్దరినీ అడిగి, తెలుగులో రెండు పేజీలు రాయమనండి. రాశాక ముందు మీకే చదివి వినిపించమనండి. మీకు అర్థం కాని చోట మళ్లీ రాయమనండి.