అన్నం మానేసి ఆరు నెలలైనా షుగర్ తగ్గట్లేదు.. ఇంకేం మానేయాలి డాక్టర్?

ప్రశ్న: నా వయసు 43. ఉండేది దిల్‌సుఖ్‌నగర్, ఆఫీసు హైటెక్ సిటీలో. ఆరు నెలల కిందట కంపెనీ హెల్త్ చెకప్‌లో షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. అప్పటి నుంచి మా ఆవిడ అన్నం పూర్తిగా మాన్పించింది. పొద్దున బెల్లం వేసిన రాగి జావ, మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు, రాత్రి పదింటికి నాలుగు చపాతీలు, ఏదో ఒక కూర. నెయ్యి ముట్టుకోవట్లేదు. ఆఫీసు దగ్గర రోజుకు మూడు ఇరానీ చాయ్‌లు, ఒక్కోసారి ఉస్మానియా బిస్కెట్లు. అయినా మొన్నటి రిపోర్టులో ఫాస్టింగ్ 118, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 6.3 (పోయినసారి 6.2), రక్తంలో కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 268, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 34, గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. ఎత్తు 168 సెం.మీ., బరువు 76 కిలోలు, నడుము 98 సెం.మీ. రాత్రి పది తర్వాత ఏమీ తినను కదా, మరి పొద్దున్నే షుగర్ ఎక్కడి నుంచి వస్తోంది? ఇంకేం మానేయాలి? మాత్రలు మొదలుపెట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఇంకేమీ మానేయక్కర్లేదండీ. కావాలంటే అన్నం కూడా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, కాకపోతే కొలుచుకుని. ఆరు నెలలుగా మీరు నోరు కట్టుకుంటున్న మాట నిజమే కానీ కంచంలో ధాన్యం పేరు మారిందే తప్ప ధాన్యం తగ్గలేదు.

లెక్క వేసి చూడండి. వండిన అన్నం 300 గ్రాములు, అంటే కంచంలో బాగానే కనిపించేంత తింటే, సుమారు 80 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తుంది. మీ నాలుగు చపాతీలకు పిండి తక్కువలో తక్కువ 120 గ్రాములు పడుతుంది, అందులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. రెండు జొన్న రొట్టెలు కాస్త మందంగా చేస్తే మళ్లీ 70 దాటుతుంది. జొన్నలో పీచు ఎక్కువ, అది మంచిదే, నేను చిరుధాన్యాలకు వ్యతిరేకిని కాదు. కానీ పీచు ఉందని పిండి లెక్క మాయమైపోదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు షుగర్ మీద చేసిన ఇండియాబ్ సర్వే ఆధారంగా 2025లో వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా ఇదే చెప్పింది: మన దేశంలో సగటున 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, బియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నా మొత్తం పిండిపదార్థం తగ్గకపోతే షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. అందులో కొంత భాగాన్ని పప్పులు, పాలు, పెరుగు లాంటి ప్రొటీన్‌తో మార్చుకున్నవాళ్లలోనే ముప్పు తక్కువగా కనిపించింది.

రాగి జావ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్ పుణ్యమా అని ఇది ఇప్పుడు మందులా తయారైంది. రాగులు మంచివే, కాల్షియం కూడా ఎక్కువే. కానీ మెత్తటి పిండి చేసి, నీళ్లలో బాగా ఉడికించి, నమిలే పని లేకుండా గ్లాసులో పోసుకుని తాగితే అది చాలా త్వరగా అరిగి రక్తంలోకి చేరుతుంది. పైగా బెల్లం. బెల్లం, తాటి బెల్లం, తేనె, పటిక బెల్లం, షుగర్ విషయంలో ఇవన్నీ పంచదార చుట్టాలే.

ఇక మీ అసలు ప్రశ్న, రాత్రి తినకపోయినా పొద్దున్నే షుగర్ ఎక్కడిదని. లివర్ నుంచి. మనం నిద్రపోయినా మెదడుకు గ్లూకోజ్ కావాలి కాబట్టి లివర్ తన దగ్గర నిల్వ ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది, కొంత కొత్తగా తయారుచేస్తుంది కూడా. ఇక చాలు అని దానికి చెప్పేది ఇన్సులిన్. లివర్‌లో కొవ్వు పేరుకుంటే ఆ మాట సరిగ్గా వినదు, తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్ లాంటి హార్మోన్లు దానికి తోడవుతాయి, మీరు లేచేసరికి 118. మరి లివర్‌కి ఆ కొవ్వు ఎక్కడిదంటారా? అవసరానికి మించి తిన్న చక్కెర, పిండిపదార్థం కొంతవరకే గ్లైకోజెన్‌గా, అంటే లివర్, కండరాలు దాచుకునే గ్లూకోజ్‌గా, నిల్వ ఉంటుంది, మిగిలినదాంట్లో కొంత లివర్‌లోనే కొవ్వుగా మారుతుంది. అందులో కొంత అక్కడే ఉండిపోతుంది, అది స్కానింగ్‌లో గ్రేడ్ 1గా కనిపించింది. కొంత రక్తంలోకి వెళ్తుంది, అది ట్రైగ్లిజరైడ్లు 268గా కనిపించింది. ట్రైగ్లిజరైడ్లు పెరిగినప్పుడు హెచ్‌డీఎల్ తగ్గడం మామూలే. రిపోర్టులో ఐదారు చోట్ల ఎర్ర అక్షరాలు చూసి ఐదారు జబ్బులు అనుకుని కంగారు పడకండి, ఇదంతా ఒకే గొడవ. మన దేశంలో మగవాళ్లకు నడుము 90 సెం.మీ. లోపు ఉండాలంటాం, మీది 98. ఆ ఎనిమిది సెంటీమీటర్ల దగ్గరే పని ఉంది.

అందుకే నెయ్యి మానేసినా ట్రైగ్లిజరైడ్లు తగ్గలేదు. నూనె, నెయ్యి అదుపులో ఉండాలి, నిజమే, కానీ ఒక చెంచా నెయ్యి ఆపేసి మూడు చాయ్‌లు కొనసాగిస్తే లాభం లేదు. మన ఇరానీ చాయ్‌లో కప్పుకు రెండు చెంచాల చక్కెర పడినా మూడు కప్పులకు 25 నుంచి 30 గ్రాములు. విడిగా కలిపే చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మీ కోటా హోటల్ దగ్గరే అయిపోతోంది. ఉస్మానియా బిస్కెట్ గురించి చెప్పేదేముంది, మైదా, చక్కెర, కొవ్వు. రోజుకు ఒక్క చాయ్ ఉంచుకోండి, బిస్కెట్ ఆదివారానికి పెట్టుకోండి. షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్లలోనూ మైదా ఉంటుంది కాబట్టి వాటి జోలికి వెళ్లొద్దు.

ఇంకో మాట. మందు అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. నలభై దాటిన మగవాళ్లు నాకు రాసేటప్పుడు ఈ ముక్క ఒక్కటీ ఎగిరిపోతుంటుంది! ఉంటే మాత్రం ట్రైగ్లిజరైడ్లకూ ఫ్యాటీ లివర్‌కూ దాని వాటా దానికి ఉంటుంది. బీరే కదా అనుకోవద్దు.

సరే, ఏం తినాలి? మీరు రాసిన తిండిలో పప్పు, గుడ్డు, పెరుగు అన్న మాటే లేదు. మీ బరువుకు రోజుకు 60 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. పొద్దున జావ బదులు రెండు పెసరట్లు (ఉప్మా పెట్టకుండా), లేదా రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నమో ఒక జొన్న రొట్టో, ఏదో ఒకటి, రెండూ వద్దు. దాంతో గట్టి పప్పు. పప్పుచారు తింటున్నాం కదా అంటారు చాలామంది, పల్చటి పప్పుచారు రెండు గరిటెలు పోసుకుంటే అందులో పప్పు ఎంతుంటుంది చెప్పండి! కూర మాత్రం అన్నం కంటే ఎక్కువ పెట్టుకోండి, బీరకాయ, సొరకాయ, దొండకాయ, బెండకాయ, తోటకూర, గోంగూర, ఏదైనా సరే. ఆలుగడ్డ కూర, అందులోకి చపాతీ అంటే పిండిలోకి పిండి అన్నమాట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో కూడా ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదనే ఉంది. ముందు కూర, పప్పు కాస్త తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత షుగర్ అంత ఎగబాకదు. మనకి మొదటి ముద్దే అన్నంతో కాబట్టి నాలుగు రోజులు కొత్తగా ఉంటుంది, అంతే.

మీకు అన్నిటికంటే కష్టమైంది రాత్రి భోజనం. సాయంత్రం ఏమీ తినకుండా మెట్రోలో అమీర్‌పేటలో మారి, ఇల్లు చేరేసరికి ఆకలి నకనకలాడుతుంది, అప్పుడు నాలుగు చపాతీలు ఒక లెక్కా? ఆరింటికి ఆఫీసులోనే ఉడికించిన సెనగలు గానీ గుప్పెడు పల్లీలు గానీ తిని మజ్జిగ తాగండి. అప్పుడు ఇంటికొచ్చాక ఒకటో రెండో చపాతీలు, వాటికి తోడు కోడిగుడ్డు పొరుటో, చేపో, పనీరో, మీల్ మేకర్ కూరో సరిపోతుంది. వీలైతే తొమ్మిది లోపు ముగించండి. తినగానే పక్క ఎక్కకుండా పదిహేను నిమిషాలు కిందకి దిగి నడవండి, కండరాలు పనిచేస్తే రక్తంలోని గ్లూకోజ్‌ను అవి లాక్కుంటాయి.

బిర్యానీ అడగలేదు గానీ హైదరాబాద్‌లో ఉండి తినరని నేనెలా నమ్మను? నెలకు ఒకటి రెండు సార్లు తినండి, ముక్కలు ఎక్కువ వేసుకుని, అన్నం తగ్గించి, పక్కన కూల్‌డ్రింక్ లేకుండా. మామిడిపండ్ల కాలంలో బంగినపల్లి రెండు మూడు ముక్కలు పర్వాలేదు, భోజనం మీద కాదు, విడిగా. జ్యూస్ వద్దు.

బరువు విషయానికొస్తే నాలుగైదు కిలోలు తగ్గితే చాలు. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద పరిశోధనలో మీలాంటి బోర్డర్ వాళ్లు బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు వ్యాయామం లక్ష్యంగా పెట్టుకుంటే, షుగర్ జబ్బుగా మారే ముప్పు 58 శాతం తగ్గింది. అదే పరిశోధనలో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతం. మనవాళ్ల మీద చేసిన అధ్యయనంలో లాభం అంత పెద్దగా రాలేదు, 28 శాతం చిల్లర, అయినా అది తక్కువేం కాదు.

మాత్రలంటారా, మీ అంకెలకు ఈరోజే అక్కర్లేదు. 6.2కీ 6.3కీ తేడా పట్టించుకోవద్దు, ల్యాబ్‌లోనే అంత అటూ ఇటూ అవుతుంది. పైన చెప్పినట్టు మూడు నెలలు చేసి మళ్లీ హెచ్‌బీఏ1సీ, పన్నెండు గంటలు ఏమీ తినకుండా లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), లివర్ పరీక్షలు చేయించండి. వాటితోపాటు హిమోగ్లోబిన్ కూడా, ఎందుకంటే ఐరన్ తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మాత్రం ఇప్పుడే చేయించుకోండి, కిడ్నీ సమస్య ఉంటే ప్రొటీన్ లెక్క మారుతుంది. మూడు నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ ఇంతే ఉన్నా, 6.5కి చేరినా, మీ ఫిజీషియన్ దగ్గర కూర్చుని మెట్‌ఫార్మిన్ గురించి మాట్లాడండి. నేను రిపోర్టు చూసి చెబుతున్నాను, ఆయన మిమ్మల్ని చూసి చెబుతారు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. ఇప్పటికే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు ఈ జవాబు చూసి రేపటి నుంచే అన్నం, రొట్టె సగానికి తగ్గించేయకండి. తిండి తగ్గి మందు అంతే ఉంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాకా వస్తుంది. ముందు డాక్టర్‌కి చెప్పి డోసు సరిచేయించుకోండి, ఆ తర్వాతే కంచం మార్చండి.