పాత గోడౌన్‌ని నాటకాల హాలుగా మారుస్తుంటే మొదట డబ్బు దేనిమీద పెట్టాలి?

ఉన్నది కొద్ది డబ్బు, నూటయాభై మంది పట్టే పాత గోడౌన్. స్టేజీ ముందా, లైట్లా, మైకులా అని అడిగారు. చిన్న ఊళ్ళ హాళ్ళలో ఏళ్ళ తరబడి నాటకాలు ఆడినవాణ్ణి, అలాంటి ఒక హాలు బాగోగులు చూసినవాణ్ణి. నన్నడిగితే ఆ మూడూ తర్వాత. ముందు రీసౌండ్ సంగతి చూడండి.

నున్నటి గోడలు, సిమెంటు నేల ఉన్న హాల్లో ఒక మాట అణగకముందే రెండోది దానిమీద పడుతుంది. అందులో మైకులు పెడితే గోల పెరుగుతుందే తప్ప మాట తేటపడదు. 1895లో హార్వర్డ్‌లో ఓ లెక్చర్ హాల్లో పాఠం వినబడట్లేదంటే వాలెస్ సాబిన్ అనే ఫిజిక్స్ మాస్టారు దగ్గర్లోని థియేటర్ నుంచి సీటు దిండ్లు తెచ్చి పరిచి, ఆర్గన్ గొట్టం మోగించి లెక్క తేల్చాడు. ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. హాలు ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో కట్టి 0.161తో గుణించి, హాల్లోని గుడ్డలూ మనుషులూ కలిపి శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో (చదరపు మీటర్లలో) భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. నాటకానికి ఒక సెకను అటూఇటూ బాగుంటుంది.

15 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తు అనుకోండి. 900 ఘనపు మీటర్లు. మోత ఒక సెకనుకి దిగాలంటే దాదాపు 145 చదరపు మీటర్ల పీల్పు కావాలి. కూర్చున్న మనిషి సుమారు అర చదరపు మీటరు పీలుస్తాడు. హాలు నిండితే సగం పని జనమే చేసిపెడతారు. సగం కుర్చీలు ఖాళీగా ఉన్న రోజే అసలు పరీక్ష, చిన్న ఊళ్ళో అలాంటి రోజులే ఎక్కువ.

వెనక గోడకి మందపాటి గుడ్డ, బాగా కుచ్చులు పెట్టి, గోడకి జానెడు ఎడంగా వేలాడదీయండి. స్టేజీ దగ్గరి పక్క గోడల్ని మాత్రం ముట్టుకోకండి, నటుడి గొంతుని జనం వైపు తోసేవి అవే. కోడిగుడ్ల అట్టలు అంటించమనే మహానుభావుడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. వాటితో ఒరిగేది పెద్దగా ఏమీ లేదు, నిప్పంటుకుంటే మాత్రం క్షణాల్లో వ్యాపిస్తుంది. గుడ్డ కూడా మంట తట్టుకునేలా మందు పట్టించినదే కొనండి, తలుపులు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. 1903లో షికాగో ఇరోక్వాయ్ థియేటర్లో ఆరొందల మందికి పైగా పోయారు. చాలా తలుపులు తెరుచుకోకపోవడం అందుకు ఒక పెద్ద కారణం.

పరీక్షించేటప్పుడు నాటకం డైలాగులు చెప్పించకండి. అవి మనకి కంఠతా వచ్చు, సగం చెవిన పడ్డా పూర్తిగా విన్నట్టే ఉంటుంది. మా వాళ్ళు ‘అద్భుతంగా వినిపిస్తోంది’ అన్న హాల్లోనే, ఎవరో పేపర్లోంచి పేర్ల జాబితా చదివితే ఆఖరి వరుసలో మూడింట ఒకటి అందలేదు. ఫ్యాన్లు తిరుగుతుండగా కూడా ఒకసారి వినండి.

లైట్లకి మొదట్లో చెరో పక్క నుంచి, 45 డిగ్రీల ఏటవాలున రెండేసి చాలు. స్టేజీ చెక్క కిర్రుమనకుండా ఉంటే అదే పదివేలు.

హాలు కొలతలు, కప్పు దేంతో వేశారో రాయండి. ఎంత గుడ్డ పడుతుందో లెక్కేసి చెబుతాను.