సీటీ స్కాన్ నార్మల్.. అయినా తలనొప్పి, వాంతులు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. మూడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. నెల రోజులుగా తెల్లవారుజామున తలనొప్పి, వాంతులు. మంచం మీద నుంచి లేవగానే కళ్లు మసకబారి తూలిపోతున్నారు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మైగ్రేన్ మాత్రలకు తగ్గట్లేదు. ఏం చేయాలి?
– ఓ సోదరి

జవాబు: క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి కొత్తగా ఇలాంటి తలనొప్పి మొదలైతే మైగ్రేన్ అని సరిపెట్టుకోకూడదమ్మా. క్యాన్సర్ మెదడు పొరలకు పాకిందేమో ముందు చూడాలి.

మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది. ఏ సమయంలోనైనా లోపల ఉండేది 150 మి.లీ. లోపే. మిగతాది ఎప్పటికప్పుడు రక్తంలోకి ఇంకిపోతుంది. క్యాన్సర్ కణాలు ఆ ఇంకే దారులను మూసేస్తే ఒత్తిడి పెరుగుతుంది. గడ్డ ఉండదు, మెదడులోని నీటి గదులూ ఉబ్బకపోవచ్చు. అందుకే సీటీ మామూలుగానే కనిపిస్తుంది. కొందరికి లేచి నిలబడగానే ఒత్తిడి ఒక్కసారిగా ఎగసి 5 నుంచి 20 నిమిషాలు అలాగే ఉంటుంది. చూపు మసకబారడం, తూలడం, స్పృహ తప్పడం అప్పుడే. దీన్ని ఫిట్స్‌గా పొరబడుతుంటారు. బీపీ పడిపోయినా కళ్లు తిరుగుతాయి కాబట్టి పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ కూడా చూడాలి.

వెంటనే క్యాన్సర్ డాక్టర్‌కు చూపించండి. కాంట్రాస్ట్‌తో (స్కాన్‌లో స్పష్టంగా కనిపించేందుకు నరంలోకి ఎక్కించే మందు) మెదడుకు, వెన్నుపాము మొత్తానికి ఎమ్మారై చేయించాలి. ఆ తర్వాతే నడుము దగ్గర సూదితో నీరు తీయాలి. ముందే తీస్తే ఆ ప్రభావంతోనే పొరలు మెరిసి స్కాన్ తప్పుదారి పట్టించవచ్చు. పక్కకు పడుకోబెట్టి ఒత్తిడి కొలిచి, ఆ అంకె రిపోర్టులో రాయమని తప్పక అడగండి. ఈ ఒత్తిడిని నీటి మట్టం ఎత్తులో, సెంటీమీటర్లలో చెబుతారు. 25 సెం.మీ. దాటితే ఎక్కువే. కణాల పరీక్షకు కనీసం 10 మి.లీ. నీరు ఆలస్యం లేకుండా ల్యాబ్‌కు చేరాలి. జబ్బు ఉన్నా మొదటిసారి దాదాపు సగం మందికి కణాలు దొరకవు. నెగెటివ్ వచ్చిందని ఊరుకోకుండా మళ్లీ తీయించాలి.

ఒత్తిడి తగ్గించడానికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తారు. దాంతో షుగర్ పెరగొచ్చు, సొంతంగా ఆపేయకూడదు. నీరు తీసినప్పుడు తలనొప్పి తగ్గి, మళ్లీ మళ్లీ వస్తుంటే మెదడు నుంచి పొట్టలోకి సన్నని గొట్టం వేస్తారు, దాన్నే షంట్ అంటారు. జబ్బు పూర్తిగా నయం కావడం కష్టం. అయినా షంట్‌తో చాలామందికి నొప్పి, వాంతులు తగ్గి, కీమోనో రేడియేషనో తట్టుకునే శక్తి వస్తుంది. హెర్-2 (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) ఫలితం ఉన్న పాత బయాప్సీ రిపోర్టు తీసుకెళ్లండి, మందుల ఎంపిక దాన్నిబట్టే ఉంటుంది.

ఈలోగా తల వైపు మంచం కాస్త ఎత్తుగా ఉంచండి. బాత్రూమ్‌కు ఒంటరిగా పంపొద్దు. మలబద్ధకం లేకుండా చూడండి, ముక్కితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మగతగా ఉన్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.