మోటార్ వైండింగ్ షాపులో సెక్షన్ 106

ప్రశ్న: ప్రభుత్వం, చట్టాలు, కంపెనీలు మన డిజిటల్ టెక్నాలజీని నిజంగా మలుస్తాయా? లేక టెక్నాలజీ తన దారిన తాను పోతుంటే ఇవన్నీ దాని వెనక పరుగెత్తుతాయా?

ఇక్కడ జవాబు రాసినవాళ్లలో ఎక్కువమంది రెండోదే నిజమన్నారు. చట్టం ఎప్పుడూ పదేళ్లు వెనకే ఉంటుందట. మా హన్మకొండలో చాయ్ బండి దగ్గర ఎన్ఐటీ పిల్లలు కూడా ఇదే మాట అంటుంటారు, అదీ చాలా నమ్మకంగా. వాళ్లలో ఒక్కరి బ్యాంకు అకౌంటయినా ఫ్రీజ్ అయి ఉండదని నా అనుమానం.

నాది పరకాల రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు. యాసంగిలో, ముఖ్యంగా మార్చిలో మాకు ఊపిరి సలపదు. వరి పొట్ట మీదుంటుంది, బోర్లలో నీళ్లు దిగిపోతాయి, మోటార్లు ఖాళీగా తిరిగి కాలిపోతాయి. రైతుకు ఆ రోజే కావాలి. మాకు కాపర్ వైరు అప్పటికప్పుడు కావాలి. వైరు వరంగల్‌లో సేటు దగ్గర తెస్తాం, సీజన్‌లో ఆయన అరువు ఇవ్వడు. అంటే నా అకౌంట్‌లో పైసలు పొద్దున వచ్చి సాయంత్రానికి పోతుండాలి. అలా తిరిగితేనే షాపు నడుస్తుంది.

అలాంటి ఒక సీజన్‌లో సేటుకు ఫోన్‌లో డబ్బులు కొడితే పోలేదు. సర్వర్ బాగా లేదేమో అనుకుని మళ్లీ కొట్టాను. మీ బ్యాంకు తిరస్కరించింది అని వచ్చింది. ఏటీఎంకు పోతే అక్కడా అంతే. ఇక బ్రాంచికి పోయాను. మేనేజర్ కుర్రాడు స్క్రీన్ నా వైపు తిప్పకుండానే చెప్పాడు. "డెబిట్ ఫ్రీజ్ ఉంది సార్. సైబర్ క్రైమ్ వాళ్ల నుంచి వచ్చింది. మా చేతుల్లో ఏం లేదు." ఒక చిన్న చీటీ మీద ఫిర్యాదు నంబరు, ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్ ఫోన్ నంబరు రాసిచ్చాడు. నేను ఏ నేరం చేశానో ఆయనకు తెలియదు. తెలుసుకునే పని కూడా ఆయనది కాదు.

డెబిట్ ఫ్రీజ్‌లో గమ్మత్తు ఏమిటంటే పైసలు లోపలికి వస్తాయి, బయటికి పోవు. షాపుకు తిరిగొచ్చేసరికి కౌంటర్ మీద సౌండ్ బాక్సు ఎప్పటిలాగే అరుస్తోంది. ఎనిమిది వందలు వచ్చాయి, రెండు వేల మూడు వందలు వచ్చాయి అని వినిపిస్తూనే ఉంది, నేను మాత్రం అందులోంచి రూపాయి ముట్టుకోలేను. బాకీ అడగడానికి వచ్చిన సేటు కాసేపు విని, "నీ డబ్బా అరుస్తనే ఉంది గదా, పైసల్లేవంటవేంది?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, నేనైనా అలాగే అనేవాణ్ని. సాయంత్రానికి బాక్సు ప్లగ్ పీకి, క్యూఆర్ మీద పాత క్యాలెండర్ కాగితం అంటించి, నగదు మాత్రమే అని రాశాను. ఆ వారం సగం బేరాలు పోయాయి. ఇప్పుడు జేబులో నోట్లు పెట్టుకుని తిరిగే రైతు ఎవరున్నారు?

స్టేషన్‌కు ఫోన్ చేస్తే దొరికేది తక్కువ. దొరికినప్పుడు అవతలి వ్యక్తి చెప్పింది ఒకటే, ఇక్కడికి వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వండి అని. మోటార్లు బాగు చేసుకునేవాడు సీజన్ మధ్యలో కాజీపేట నుంచి రైలెక్కి రెండు రాత్రులు ప్రయాణం చేసి, తనకు తెలియని కేసులో స్టేట్‌మెంట్ ఇవ్వాలి!

చివరికి తేలింది ఇది. ఒక రైతు 5 హెచ్‌పీ మోటార్ తెచ్చాడు, రివైండింగ్, బేరింగులు కలిపి ₹6,400 అయింది, ఆయన మేనల్లుడు స్కాన్ చేశాడు. ఆ పిల్లగాడు హన్మకొండలో చదువుకుంటూ, తన అకౌంట్‌ను కమీషన్‌కు దోస్తుకు వాడుకోనిచ్చాడట. ఎక్కడో ఒకాయన్ని పార్ట్‌టైం జాబ్ పేరుతో మోసం చేసిన పైసలు నాలుగు చేతులు మారి అందులో పడ్డాయి. అందులోంచి నాకు కొట్టాడు. బిల్లు బుక్కులో నంబరు చూసి రైతుకు ఫోన్ చేస్తే ఆయన బిత్తరపోయాడు. "నాకేం ఎరుక తమ్మీ, అల్లుడు కొడితే కొట్టిండనుకున్న."

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. ఇందులో టెక్నాలజీ ఎక్కడా చెడిపోలేదు, అన్నీ అనుకున్నట్టే పనిచేశాయి. మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. 2021లో కేంద్ర హోంశాఖ తెచ్చిన ఏర్పాటు ప్రకారం ఫిర్యాదు బ్యాంకులకు పోయింది, పైసలు ఎటుపోతే అటు దాని వెంట ఒక్కో బ్యాంకుకు కబురు పోయింది. ఆ వేగం అవసరమే, నేను కాదనను. ఆలస్యమైతే పైసలు ఏటీఎంలోంచి బయటపడతాయి. కానీ ₹6,400 కోసం నా అకౌంట్ మొత్తం ఎందుకు ఆగాలి? ఏ ఇంజనీరూ ఇలా ఉండాలని అనుకోలేదు. అనుమానం ఉన్న ఆస్తిని పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 102 ఉండేది. అది రాసినప్పుడు వాళ్ల మనసులో సైకిలో, బంగారమో ఉండి ఉంటుంది. బ్యాంకు అకౌంట్ కూడా ఆస్తే అని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అదే సెక్షన్ కొత్త చట్టంలో 106గా వచ్చి కూర్చుంది. సైకిల్‌ను సగం స్వాధీనం చేసుకోలేరు కాబట్టి మొత్తం పట్టుకుపోవడం అలవాటు, అదే అలవాటు ఇప్పుడు ఫోన్‌లోకి ఎక్కింది. చట్టం వెనకబడి పరుగెత్తుతోందా ఇక్కడ? స్మార్ట్‌ఫోన్ పుట్టకముందే వచ్చి కాచుకుని కూర్చుంది.

అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలి, అకౌంట్ అంతా కాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. ప్రింట్ తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. చదివాడు పాపం. "బాగానే ఉంది సార్, కానీ ఇది కేరళ" అన్నాడు.

ఇక కంపెనీల సంగతి, నాకు అసలు మంట అక్కడే. క్యూఆర్ ఇచ్చిన యాప్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే మనిషి రాడు. చాట్‌లో రాస్తే కాసేపటికి మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి అని వస్తుంది. షాపుకొచ్చి స్టిక్కర్ అంటించిన పిల్లగాడు అప్పటికే ఇంకో కంపెనీకి పోయాడు. ఎందుకిలా అంటే నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది, వంద శాతం కరెక్టని నా నమ్మకం. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ అంటే కమీషన్ తీసుకోకూడదని ప్రభుత్వం చట్టం మార్చింది. వినడానికి చిన్న షాపులకు మేలే, మేము కూడా చప్పట్లు కొట్టాం. కానీ నా లావాదేవీ మీద రూపాయి రానప్పుడు నేను వాళ్లకు కస్టమర్‌ని ఎలా అవుతాను? వాళ్ల ఆదాయం సౌండ్ బాక్సు అద్దెలో ఉంది, రోజూ చూపించే లోన్ల ప్రకటనల్లో ఉంది. అందుకే బాక్సు ఒక్కరోజు మూగబోతే ఫోన్ వస్తుంది, అకౌంట్ మూగబోతే రాదు. చిన్న షాపుల చిన్న చెల్లింపులకు ప్రభుత్వం బ్యాంకులకు ప్రోత్సాహకం ఇస్తోంది, 2024-25కు దాదాపు ₹1,500 కోట్లు. ఒక్క 2025 ఆగస్టులోనే యూపీఐ మీద 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. అంతమందికి పంచితే నా ఫోన్ ఎత్తడానికి ఎవరికి మిగులుతుంది?

పోటీ ఉంటే బాగుపడతారు అంటారా? ఫోన్‌పే, గూగుల్ పే రెండే దాదాపు 80 శాతం లావాదేవీలు నడుపుతున్నాయి. ఒక్క యాప్‌కు 30 శాతం మించకూడదని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020 నవంబర్‌లోనే చెప్పింది. ఆ గడువు జరుగుతూ జరుగుతూ 2026 చివరికి వచ్చింది. మాకు కరెంటు బిల్లు గడువు మాత్రం జరగదు.

యూపీఐ పుట్టుక కూడా ఇలాంటిదే. ఎన్‌పీసీఐని 2008లో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం కలిసి పెట్టాయి, దాని వెనక 2007 నాటి పేమెంట్స్ చట్టం ఉంది. యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు మా రోడ్డు మీద ఎవరికీ దాని పేరు తెలియదు. అదే ఏడాది నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక, చిల్లర లేక చచ్చిపోయాక, అప్పుడు నేర్చుకున్నాం. ఇష్టపడి నేర్చుకున్నామని ఎవరైనా అంటే ఆ నెలలో ఏటీఎం లైన్లో నిలబడనివాళ్లే. 2025 జూలైలో ఉల్టా కూడా జరిగింది. యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు పంపారని బెంగళూరులో చిన్న వ్యాపారులు క్యూఆర్‌లు పీకేసి నగదుకు మారారు. యాప్‌లో ఒక్క అక్షరం మారలేదు, నోటీసు మారింది.

నా అకౌంట్ ఎలా తెరుచుకుందంటే, మా వకీలు సాబ్ పుణ్యమే. ఆయన యాప్ జోలికే పోలేదు. సెక్షన్ 106లో మూడో ఉపసెక్షన్ ఉంది, స్వాధీనం చేసుకున్న సంగతి పోలీసులు వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలపాలని. మీరు ఏ తేదీన తెలిపారో చెప్పండి అని బిల్లు కాపీ, రైతు రాసిచ్చిన కాగితం జత చేసి స్టేషన్‌కు, బ్యాంకుకు మెయిల్ పెట్టాడు. ఆ తేదీ మాకు ఇప్పటికీ చెప్పలేదు కానీ, ఫ్రీజ్ తీసేయమని బ్యాంకుకు మెయిల్ మాత్రం వచ్చింది. ₹6,400 మీద హోల్డ్ అలాగే ఉంచారు. వకీలు ఫీజు అంతకంటే ఎక్కువే అయింది, అది వేరే ముచ్చట.

చిన్న షాపువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. క్యూఆర్‌కు వేరే అకౌంట్ పెట్టుకోండి, సాయంత్రం కాగానే అందులోంచి పైసలు మార్చేయండి. బిల్లు బుక్కులో కస్టమర్ ఊరు, ఫోన్ నంబరు, సరుకు వివరం రాయండి. నన్ను కాపాడింది ఆ బుక్కే. ఎండీఆర్ మళ్లీ పెట్టాలని బ్యాంకులు అడిగినప్పుడల్లా పేపర్లో వ్యాపారులు వద్దంటున్నారు అని వస్తుంది. నన్ను ఎవరూ అడగలేదు. ఫోన్ ఎత్తే మనిషి ఉంటానంటే నేను వందకు పావలా ఇస్తాను.