సౌదీ నుంచి వాపసు వచ్చే అల్లునికి

అల్లుడా,

ఈసారి సెలవు మీద కాదు, పూర్తిగనే ఇంటికి వస్తున్నవని మీ అమ్మ చెప్పింది. నాకు మస్తు సంబురమైంది. అయితే టికెట్ తీసే ముందు చేసుకోవాల్సిన పనులు చాన ఉన్నయి. అక్కడ ఉన్నప్పుడు అయ్యే పని అక్కడనే చేసుకో. ఎగ్జిట్ (మల్ల రాకుంట దేశం విడిచే వీసా) కొట్టి విమానం ఎక్కినంక మెట్‌పల్లిల కూసోని కంపెనీతోటి కొట్లాడుడు శాన కష్టం.

మొదాలు నీ కంట్రాక్టు ఎప్పటిదాక ఉన్నదో చూడు. సూపర్‌వైజర్ మీది కోపానికి రాజీనామా రాసియ్యకు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేండ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు పైసలు రావాలె. మనమే రాజీనామా పెడితే అండ్ల కోత పడుతది. రెండేండ్ల నుంచి ఐదేండ్లదాక మూడో వంతే ఇస్తరు, పదేండ్ల లోపు మూడింట రెండొంతులు, పదేండ్లు నిండితేనే మొత్తం. నీకు తొమ్మిదిన్నర ఏండ్లు అయితున్నయి. జీతం 2,000 రియాళ్లు అనుకో. 14,000 రావాల్సిన కాడ, ఇయ్యాల రాజీనామా పెడితే 9,300 చేతిల పడుతయి. ఇంకో ఆర్నెల్లు ఓర్సుకుంటే 15,000. అంతకన్న ముందే కంట్రాక్టు గడువు తీరుతుంటే ఇంకా మంచిది. రిన్యూ వద్దని ముందుగాల రాతల చెప్పు, గడువు తీరి వచ్చేటోనికి కోత ఉండది.

'నాకు రావాల్సినయన్ని ముట్టినయి' అని ఒక కాయితం పెడుతరు. పైసలు బ్యాంకు ఖాతాల పడ్డంక సంతకం చెయ్యి, అప్పటిదాక పెన్ను పట్టకు. అరబ్బీల ఉంటే చదవొచ్చినోన్ని పక్కన కూసోవెట్టుకో. ట్రాఫిక్ జుర్మానాలు ఏమన్న ఉన్నయేమో అక్కడి సర్కారు యాప్ అబ్షిర్‌ల చూసుకో, బ్యాంకు బాకీ ఉంటే తీర్చెయ్యి. ఇకామా (అక్కడ ఉండనిచ్చే కార్డు) గడువు ఉండంగనే ఫైనల్ ఎగ్జిట్ పెట్టియ్యమను. అది పడ్డ కాడికెంచి 60 రోజులల్ల దేశం దాటాలె. ఏసీ మెకానిక్ అని, ఎన్నేండ్లు చేసినవని, సాఫ్ సీదా రాసిన సర్టిఫికెట్ కంపెనీ లెటర్‌హెడ్ మీద తీసుకో. రేపు కరీంనగర్‌ల పనికి పోయినా, సొంత దుకాణం పెట్టినా అది అక్కరకొస్తది.

ఇంకొకటి, కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు నడుస్తుండంగనే షుగర్, బీపీ, కిడ్నీల పనితనం చూసే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకొని రిపోర్టులు వెంట తెచ్చుకో. ఎండల ఏండ్లకేండ్లు, నీళ్లు సరిగ తాగకుంట పనిచేసినోళ్లకు కిడ్నీలు దెబ్బతింటయి, అది ముందుగాల బయటికి కనవడది.

సామాను సంగతికి పెద్ద టీవీలు మోసుకొని రాకు, కస్టమ్స్ పడుతది. బంగారం నగల రూపంల మగోనికి 20 గ్రాములే మాఫీ. బిస్కెట్లు తెస్తే సుంకం కట్టాల్సిందే. ఎవలన్న 'ఈ పొట్లం మా ఇంట్ల ఇయ్యి' అంటే, ఎంత దగ్గరోడైనా లోపల ఏమున్నదో విప్పి చూడకుంట తీసుకోకు.

ఇగ ఇంటి సంగతి. నేను ఈ జాబు రాసేదే దీని కోసం.

నువ్వు పైసలు పంపినవు, నిజమే. ఆ పైసలతోటి ఇల్లు నడిపింది నీ భార్య. ఆ బిడ్డ దగ్గర ఒక లాంగ్ నోటుబుక్కు ఉన్నది, నాకు చూపెట్టింది. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల వడ్లు ఏ రోజు కాంటా అయినయి, మహిళా సంఘం కిస్తు ఎంత, మోటరు కాలితే వైండింగుకు ఎంతైంది, పిల్ల ఫీజు ఎన్ని విడుతల కట్టింది, ఎవలకు ఎంత చేబదులు ఇచ్చింది, అన్ని తారీకులతోటి రాసుకున్నది. నువ్వు వచ్చిన వారంలనే 'ఇగ నేనున్న కదా' అని ఆ బుక్కు గుంజుకోకు. పక్కన కూసోని చదువు, అడుగు, విను. ఒక వానకాలం, ఒక యాసంగి ఆమె ఎట్ల చేస్తున్నదో చూసినంకనే మార్చాల్సింది ఏమన్న ఉంటే ఇద్దరు కలిసి మార్చుకోండి. వాపసు వచ్చిన ఇండ్లల్ల మొదటి ఏడాది కొట్లాటలు ఎక్కువ ఈడనే పుడుతయి, నేను మన చుట్టాలల్లనే చూసిన.

పిల్ల ఎనిమిదో తరగతి. నిన్ను ఎక్కువ ఫోన్లనే చూసింది. వచ్చీరాంగనే చదువు మీద, బట్టల మీద గద్దించకు. రోజు బడికాడ దింపిరా, మాటలు వాటంతటవే వస్తయి. అందుకే జూన్ మొదట్ల రా అంటున్న. బళ్లు తెరుస్తరు, నార్లు పోస్తరు, నీకు రోజూ పని దొరుకుతది. దసరాకు దిగితే నెల రోజులు దావతులకే పోతయి, పైసలు కూడ అండ్లనే పోతయి.

తెచ్చిన పైసలు ఆర్నెల్లు కదిలియ్యకు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల ఉండనియ్యి. ట్రాక్టర్ కొను అని ఒకడు, బైపాస్ కాడ ప్లాటు ఉన్నదని ఒకడు, మిత్తికి ఇయ్యమని ఇంకొకడు వస్తడు. అందరికి ఒక్కటే జవాబు చెప్పు, 'బ్యాంకుల ఇరికినయి' అని. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (బయట దేశంల ఉండేటోళ్ల బ్యాంకు ఖాతా) నువ్వు వచ్చినంక అట్లనే నడిపియ్యరాదు, బ్యాంకుల చెప్పి మామూలు ఖాతా కింద మార్పించుకో. ఆ వడ్డీ మీద టాక్స్ లేదన్నది నువ్వు బయట ఉన్నన్ని రోజులే. ఇక్కడ అక్కడి అంత సంపాదన ఉండది. అందుకే గడిచిన మూడు నెలల ఇంటి ఖర్చు ఎంతో ఇప్పుడే ఆ నోటుబుక్కులకెంచి ఫోటో తెప్పించుకొని లెక్క చూసుకో.

భూమి కాయితాలు కూడ ఉన్నయి. 2025 ఏప్రిల్ల భూమి రికార్డుల ధరణి పోయి భూభారతి వచ్చింది. మీ బాపు పేరు మీది రెండెకరాలకు ఇంకా విరాసత్ (వారసుల పేరు మీదికి మార్చుడు) కాలేదు. మీ అమ్మ, మీ చెల్లె సమక్షంల మాట్లాడుకొని, వాళ్ల సమ్మతి తోటే ఆ పని చేద్దాం. పట్టా నీ పేరు మీదికి వస్తే రైతు బీమా రాయించుకో, 59 ఏండ్లదాక ఐదు లక్షలు ఉంటది, నామినీగ నీ భార్య పేరు పెట్టు.

ఈ శుక్రవారం సెలవు నాడు కంట్రాక్టు, ఇకామా, పాస్‌పోర్టు మూడు ఫోటోలు తీసి నాకు పంపు. తేదీలు పక్కపక్కన పెట్టి చూసి, ఏ నెలల నోటీసు ఇయ్యాలెనో ఫోన్ల చెప్త.

మీ మామ