రవి ఇంగ్లీషులో ఎందుకు తిట్టాలి?

తమ్ముడూ,

నువ్వు పంపిన సంభాషణ పాఠం చదివాను. ఇద్దరు పిల్లలు కొట్టుకోబోయి ఆగిపోవడం, ఆ సందట్లో చదివేవాళ్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుబడటం. ఆలోచన బాగుంది. గొడవ అంటే ఎవరైనా నిలబడి చూస్తారు, కాబట్టి పాఠానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

కానీ మొదటి మాటలోనే నాకు అనుమానం వచ్చింది. రవిదీ కిరణ్‌దీ ఒకే ఊరు, ఒకే బడి. చొక్కా పట్టుకున్నాక కూడా ఇంగ్లీషులోనే ఎందుకు మాట్లాడుకుంటున్నారు? కోపం వస్తే నోటికొచ్చేది ఇంటి భాషే. చదివేవాడు ఈ మాట పైకి అనడు గానీ నమ్మడం మానేస్తాడు. ఇంగ్లీషు తప్పనిసరి అయ్యే చోటు వెతుకు. కేంద్ర ప్రభుత్వం హాస్టల్‌తో నడిపే నవోదయ విద్యాలయం ఎలా ఉంటుందంటావు? అక్కడ తొమ్మిదో తరగతిలో మైగ్రేషన్ అని ఉంటుంది. హిందీ ప్రాంతాల పిల్లల్లో 30 శాతం మందిని హిందీయేతర జిల్లాలకు పంపి ఏడాది చదివించడం, ఇక్కడివాళ్లను అటు పంపడం ఆ పథకం. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అంకిత్‌కు తెలుగు రాదు, రవికి హిందీ అరకొర. హాస్టల్ కుళాయి దగ్గర, పొద్దున్నే పీటీకి ముందు, బకెట్ కోసం తగాదా. ఇక వాళ్ల మధ్య మిగిలింది వచ్చీరాని ఇంగ్లీషే.

“హే, దట్స్ మై బకెట్.”
“సో? ఐ కేమ్ ఫస్ట్.”
“నో, యూ డిడ్‌న్ట్. గివ్ ఇట్ బ్యాక్.”
“ఆర్ ఎల్స్ వాట్?”

ఇక్కడ ఆగు. ఈ నాలుగో మాటే పాఠానికి ఆయువుపట్టు. ‘ఇవ్వకపోతే ఏం చేస్తావ్?’ అన్నాక సూటిగా జవాబు చెబితే చెయ్యి లేవాల్సిందే. నీ పాఠంలో ఇక్కడ కిరణ్ “వయొలెన్స్ ఈజ్ నాట్ ద సొల్యూషన్” అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు అలా అనడయ్యా. అది పంద్రాగస్టు నాడు మైకు ముందు చెప్పే మాట. పక్కనున్న స్నేహితుడు రవి చెయ్యి పట్టుకుని, “లీవ్ ఇట్, యార్. హీజ్ న్యూ. వి ఆర్ లేట్ ఫర్ పీటీ” అంటాడు. అందులో నీతి ఒక్క ముక్క లేదు, అయినా గొడవ సద్దుమణుగుతుంది. వెనక్కి తగ్గడానికి రవికి ఒక సాకు దొరికింది మరి. పిల్లల గొడవల్లో బకెట్ కన్నా పరువు పెద్దది. “ఫైన్, యూ ఫిల్ ఫస్ట్” అంటే ఓడిపోయినట్టు ఉండదు. “ఫర్గెట్ ఇట్” (వదిలెయ్), “మై బ్యాడ్” (తప్పు నాదే) లాంటివి నేర్పాల్సింది ఇందుకే.

“కామ్ డౌన్”తో మాత్రం జాగ్రత్త. పుస్తకంలో శాంతివచనంలా కనిపిస్తుంది, ఉడికిపోతున్నవాడి ముఖం మీద అంటే ఇంకా రేగుతాడు. “వాట్స్ యువర్ ప్రాబ్లమ్?” కూడా అంతే. కష్టసుఖాలు అడిగినట్టు ఉంటుంది, నిజానికి అది కాలు దువ్వడం. అర్థంతో పాటు అవతలివాడికి ఎలా తగులుతుందో కూడా చెప్పకపోతే మన పాఠమే ఎవరికో దెబ్బలు తినిపిస్తుంది.

పలకడం గురించి నువ్వు అసలేమీ రాయలేదు. “ఐ వోంట్ ఫైట్”, “ఐ వాంట్ టు ఫైట్”. మనవాళ్లు చాలామంది నోట వోంట్, వాంట్ ఒకేలా పలుకుతాయి. ఒకటి కొట్టుకోనని, ఇంకోటి కొట్టుకుంటానని! కుళాయి దగ్గర ఆ తేడా ఎంత ముఖ్యమో చూడు. దీనికి కాస్త చోటివ్వు, నవ్వుకుంటూ నేర్చుకుంటారు.

చివర పెట్టిన వ్యాకరణం పట్టిక తీసెయ్. ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు పేరుతో దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం చేశారు. వ్యాకరణం పాఠంగా చెప్పకుండా పిల్లల ముందు ఏదో ఒక చిక్కు పెట్టేవాళ్లు. దాన్ని విప్పే పనిలో పడితే భాష దానంతటదే ఒంటబడుతుందని ఆయన నమ్మకం. అంతటితో అన్నీ వచ్చేస్తాయని నేననను. కానీ మన పనికి అందులో పనికొచ్చేది ఉంది. చదివేవాడి ధ్యాస బకెట్ ఎవరికి దక్కుతుందన్న దాని మీద ఉండాలి. కొత్త మాటలు ఐదారు చాలు, అవే మళ్లీ మెస్ లైన్లోనో కబడ్డీ ఆటలోనో రానివ్వు.

స్నేహితుడు చెయ్యి పట్టుకుంటే ఆగని గొడవలూ ఉంటాయి. రోజూ ఒకణ్నే పట్టుకుని ఏడిపిస్తుంటే వాడికి “లీవ్ ఇట్” అని నేర్పడం అన్యాయం. రవి హాస్టల్ చూసుకునే హౌస్ మాస్టర్ గది ముందు నిలబడి “సర్, కెన్ ఐ టాక్ టు యూ ఫర్ ఎ మినిట్?” అని అడిగే ముక్క ఒకటి రాయి. రేపు ఉద్యోగంలో చేరాక కూడా పనికొస్తుంది.

తిరగరాసి పంపు. తెలుగు అర్థాలు పక్కన వద్దు, సంభాషణ అయ్యాక కింద వెయ్యి. పక్కనే ఉంటే కన్ను ముందు అటే పోతుంది. పంపేముందు ఇద్దరు పిల్లల చేత పైకి చదివించి, వాళ్లు తడబడిన వాక్యాలు కత్తిరించు.

ఉంటాను,
అన్నయ్య