పుండుని గాలికి వదిలేస్తే త్వరగా మానుతుందా, కట్టు కట్టాలా?

మా మావయ్యకి కాలికి దెబ్బ తగిలి నెలైనా మానట్లేదు, అందరూ గాలికి వదిలెయ్యమంటున్నారు, కరెక్టేనా అని అడిగారు కదండీ. అస్సలు కాదు. ఆ మాట వినే మా నాన్నగారి బొటనవేలు పోగొట్టుకున్నాం.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. దాళ్వా ఊడ్పులప్పుడు ఓ సాయంత్రం చేలోంచి ఇంటికొస్తే గచ్చు మీద అడుగడుక్కీ ఎర్రగా మరక. "ఏవండీ, కాలికి ఆ రక్తం ఏంటండీ?" అంది అమ్మ. "ఎక్కడే?" అన్నారాయన. చెప్పు తిరగేసి చూస్తే బొటనవేలి దగ్గర మేకు దిగబడి ఉంది, ఎప్పట్నించి దాని మీద నడుస్తున్నారో ఆయనకే తెలీదు. షుగర్ వల్ల అరికాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది, మేమెవరం కనిపెట్టలేదు.

ఇక ఒకరు కాఫీపొడి అన్నారు, ఒకరు పసుపన్నారు, ఆరితే మానుద్దని రోజూ పొద్దున్నే అరుగు మీద ఎండలో కాలు చాపించి కూర్చోబెట్టేవాళ్లం. నల్లగా పక్కు కడితే తగ్గిపోయిందని సంబరపడ్డాం కూడా. కాకినాడలో డాక్టరుగారు ఆ పక్కు తీసేసరికి కిందంతా చీమే. 10 గ్రాముల ఒత్తిడికి వంగిపోయే నైలాన్ దారంతో అరికాల్లో చాలాచోట్ల తాకించి చూశారు, రెండు చోట్లే తెలిసింది. వేలు తియ్యక తప్పలేదు. తర్వాత పుండు ఆరిపోకుండా ఉంచే డ్రెస్సింగ్ వేసి, ఆ కాలు మీద బరువు మోపద్దన్నారు, మూణ్ణెల్లకి మానింది.

1962లోనే జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద చేసి చూపించాడండీ, పాలిథిన్ కప్పిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి వదిలిన వాటికన్నా దాదాపు రెట్టింపు వేగంగా వచ్చింది. పక్కు కడితే కొత్త చర్మం దాని కిందనుంచి దారి చేసుకుని పాకాలి, అందుకే ఆలస్యం. అరవయ్యేళ్లు దాటినా మా వైపు ఎవరూ ఈ ముక్క చెప్పట్లేదు, అదే నా బాధ.

 

మీ మావయ్యగారికి షుగర్ ఉందో లేదో రాయలేదు మీరు. నెలైనా మానలేదంటే నాకైతే అదే అనుమానం. రేపే టెస్ట్ చేయించి డాక్టరుకి కాలు చూపించండి, వేళ్ల సందులూ చెప్పుల లోపలా కూడా చూడండి. అప్పటిదాకా ఆయన్ని ఆ కాలు కింద మోపనివ్వకండి.